పాసు (మూత్రం) పడ్డాక కూడా చూడాల్సింది ఉంది: పిల్లల్లో హఠాత్తుగా దెబ్బతినే కిడ్నీలు, ఆ తర్వాతి ఏళ్లు

(శ్రీకాకుళంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు, తల్లిదండ్రుల ముందు ఒక పిల్లల కిడ్నీ వైద్యుడు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

మన జిల్లాలో కిడ్నీ అనే మాట వినగానే ఎవరికైనా ఉద్దానమే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. డయాలసిస్ కోసం వారం వారం బయల్దేరే మనుషుల్ని చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగిన వాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు. అందుకే ఇక్కడ ఒక నాలుగేళ్ల పిల్లాడికి కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు చెబితే, ఆ తల్లి చెవికి మాత్రం 'ఇక జీవితాంతం ఇంతే' అని వినిపిస్తుంది.

ఆ భయంలోంచి రెండు తప్పులు పుడుతున్నాయి. మొదటిది, డయాలసిస్ అనగానే 'ఒకసారి మొదలెడితే ఆపలేరంట' అని పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోవడం. రెండోది దానికి పూర్తిగా తిరగబడ్డది. నాలుగు రోజులకి పాసు పడుతుంది, వాపు దిగుతుంది, పిల్లాడు అన్నం తింటాడు. 'గండం గడిచింది' అని ఆస్పత్రి కాగితాలు ట్రంకుపెట్టెలో పెట్టేస్తారు. మళ్లీ ఎవరూ బీపీ చూడరు, మూత్రం పరీక్ష చేయించరు. మొదటి తప్పు వల్ల వారంలో ప్రాణం పోతుంది. రెండో తప్పు వల్ల పదిహేను, ఇరవై ఏళ్లకి కిడ్నీ పోతుంది. ఈ రెంటి గురించీ మాట్లాడతాను. రెండోదాని గురించి ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే అది మీ చేతుల్లో ఉన్న పని.

ముందు కిడ్నీ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల దాకా నెఫ్రాన్లు ఉంటాయి. రక్తాన్ని వడకట్టే చిన్న జల్లెడ, దాని వెనకాల ఒక సన్నని గొట్టం, రెండూ కలిపి ఒక నెఫ్రాన్. ఇవన్నీ తల్లి కడుపులోనే తయారవుతాయి, గర్భం 36 వారాలకి వచ్చేసరికి ఆ పని ముగుస్తుంది. ఆ తర్వాత కొత్తవి చేరవు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి ఈ మూలధనమే తక్కువ.

విరోచనాల వల్లో, పాముకాటు వల్లో, మందుల వల్లో కిడ్నీ దెబ్బతిన్నప్పుడు ఎక్కువగా పాడయ్యేది ఆ గొట్టం లోపలి పొర. ఆ పొరకి మళ్లీ పుట్టుకొచ్చే గుణం ఉంది, కొన్ని రోజుల్లోనో వారాల్లోనో అది తిరిగి పరుచుకుంటుంది. పిల్లలు కోలుకునేది అందుకే. కానీ దెబ్బ గట్టిదైతే కొన్ని నెఫ్రాన్లు పూర్తిగా చచ్చిపోయి మచ్చకడతాయి. మిగిలినవి వాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి. ఇద్దరు మోయాల్సిన బరువు ఒక్కడే మోసినట్టు. పైకి రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపే వ్యర్థం, మామూలుగానే కనిపిస్తుంది. లోపల ఆ మిగిలిన జల్లెడల మీద ఒత్తిడి పెరిగి, ఏళ్లు గడిచేకొద్దీ ప్రొటీన్ కారడం మొదలవుతుంది, బీపీ పెరుగుతుంది, ఇంకొన్ని నెఫ్రాన్లు రాలిపోతాయి. కాబట్టి 'కోలుకున్నాడు' అన్నదీ నిజమే, 'పని మిగిలి ఉంది' అన్నదీ నిజమే.

ఇప్పుడు గుర్తుపట్టడం. ఆశా చెల్లెమ్మలు అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది: 'గుంటడు ఆఖరిసారి పాసు ఎప్పుడు పోశాడమ్మా?' మామూలుగా పసిబిడ్డ కిలో బరువుకి గంటకి ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్ల మూత్రం పోస్తాడు. కిలోకి గంటకి అర మిల్లీలీటరు కంటే తగ్గి ఆరు గంటలు గడిస్తే అది కిడ్నీ దెబ్బకి మొదటి మెట్టు. పన్నెండు కిలోల పిల్లాడు ఆరు గంటల్లో 36 మిల్లీలీటర్ల కంటే తక్కువ పోశాడంటే ప్రమాదం అన్నమాట. సిరప్ సీసా మీదుండే పది మిల్లీలీటర్ల మూతతో కొలిస్తే నాలుగు మూతలు కూడా నిండవు. పన్నెండు గంటలు చుక్క పడకపోతే అది మూడో మెట్టు, అంటే అన్నిటికన్నా పైది. వార్డులో అయితే డైపర్ తూచండి. తడిసిన డైపర్ బరువులోంచి పొడిది తీసేస్తే, ఒక గ్రాముకి ఒక మిల్లీలీటరు లెక్క.

మూత్రం కొలవడం ఎందుకింత ముఖ్యమో ఒక పెద్ద అధ్యయనం చూపించింది. 2017లో వెలువడిన ఆ పనిలో నాలుగు ఖండాల్లోని 32 ఆస్పత్రుల పిల్లల ఐసీయూల్లో 4,683 మందిని చూశారు. నాలుగో వంతు కంటే ఎక్కువ మందికి ఏదో ఒక స్థాయి కిడ్నీ దెబ్బ ఉంది. మూత్రం తగ్గినట్టు కొలతలో తేలిన పిల్లల్లో మూడింట రెండొంతుల మంది, క్రియాటినిన్ ఒక్కటే చూసి ఉంటే పట్టుబడేవారే కాదు. క్రియాటినిన్ పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మూత్రం తగ్గడం ఆ పూటే తెలుస్తుంది.

క్రియాటినిన్ దగ్గర ఇంకో మోసం ఉంది. మన ల్యాబ్ కాగితాల మీద 'నార్మల్ 0.6 నుంచి 1.2' అని అచ్చువేసి ఉంటుంది. అది పెద్దవాళ్లది. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది, పిల్లాడికి అంత కండ ఎక్కడుంది? అయిదేళ్ల పిల్లాడికి ఉండాల్సింది 0.3 నుంచి 0.5 దాకా. అదే పిల్లాడికి 1.0 వస్తే కాగితం మీద ఎర్రగీత పడదు, 'అంతా బానే ఉంది' అంటారు. నిజానికి అది కనీసం రెట్టింపు. కిడ్నీ ఎంత వడపోస్తోందో లెక్క కట్టడం తేలిక: పిల్లాడి ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో హెచ్చించి, క్రియాటినిన్‌తో భాగించండి. ఎత్తు 110, క్రియాటినిన్ 1.0 అయితే 45 వస్తుంది. రెండేళ్లు దాటిన పిల్లలకి 90 పైన ఉండాలి. అంటే సగానికి సగం పోయింది. రోజురోజుకీ క్రియాటినిన్ పెరిగిపోతున్నప్పుడు ఈ లెక్క కూడా అసలు కంటే మెరుగ్గా చూపిస్తుంది, అది గుర్తుపెట్టుకోండి. అందుకే ప్రతి పిల్లల వార్డులోనూ ఎత్తు కొలిచే పట్టీ ఉండాలని పట్టుబడతాను. ఎత్తు రాయని కేసు షీట్ మీద క్రియాటినిన్‌కి అర్థం లేదు.

మన దగ్గర ఇది ఎందుకు వస్తోందంటే, అన్నిటికన్నా ముందు వాంతులు, విరోచనాలు. ఇక్కడ ఓఆర్‌ఎస్ దగ్గరే సగం తప్పులు జరుగుతున్నాయి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లలో కలపాలి, ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. లీటరు ప్యాకెట్‌ని గ్లాసుడు నీళ్లలో కలిపేస్తే ఉప్పు అయిదింతలవుతుంది, బిడ్డకి ఫిట్స్ రావచ్చు. 'ఒక్కసారి కలిపితే పారబోయాలి కదా' అని చిటికెడు చిటికెడు వేసి కలిపితే పలచనైపోతుంది. ఒకేసారి కలిపి, మూతపెట్టి, 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయండి. షాపుల్లో ఓఆర్‌ఎస్ అనే పేరు తగిలించి అమ్మిన తీపి డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. విరోచనం ఇంకా పెరుగుతుంది.

కళ్లు లోపలికి పోయి, చర్మం గిల్లితే నెమ్మదిగా వెనక్కి వెళుతూ, దాహంతో గింజుకుంటున్న బిడ్డకి కిలోకి 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో పట్టాలి. పన్నెండు కిలోలకి 900 మిల్లీలీటర్లు. గ్లాసుతో ఒకేసారి పోస్తే కక్కేస్తాడు. ఒకటి రెండు నిమిషాలకో చెంచా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఇంకా నెమ్మదిగా. జింక్ మాత్ర రోజుకి 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు బిడ్డకి 10, పద్నాలుగు రోజులూ ఇవ్వాలి. విరోచనం కట్టింది కదా అని మూడో రోజే ఆపేస్తున్నారు.

మగతగా పడిపోయి, తాగలేని బిడ్డకి సెలైన్ తప్పదు. అప్పుడు కావలసింది రింగర్ లాక్టేట్, అది లేకపోతే నార్మల్ సెలైన్. 'గ్లూకోజ్ సీసా' ఎక్కిస్తే ఒంట్లో సోడియం పడిపోతుంది. ఏడాది నుంచి అయిదేళ్ల పిల్లలకి కిలోకి 30 మిల్లీలీటర్లు అరగంటలో, ఇంకో 70 రెండున్నర గంటల్లో. ఏడాది లోపు వాళ్లకి అదే మోతాదు గంటలో, తర్వాత అయిదు గంటల్లో. బాగా చిక్కిపోయిన పిల్లలకి ఈ లెక్క వర్తించదు, వాళ్లకి ఇంత వేగంగా పోయకూడదు. నీళ్లు సరిపడా ఎక్కాక కొన్ని గంటల్లో పాసు పడాలి. పడలేదంటే దెబ్బ కిడ్నీకే తగిలింది. అక్కడ ఇంకో సీసా, ఇంకో సీసా తగిలించుకుంటూ పోవద్దు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రోజూ ఒకే తూకం మీద బరువు చూడండి. పదికిలోల పిల్లాడు చేరిననాటి కంటే కిలో పెరిగాడంటే పది శాతం నీరు ఒంట్లో నిలిచింది. అది దాటుతోందంటే పెద్దాసుపత్రికి ఫోన్ చేయాల్సిన సమయం.

రెండోది చర్మం మీద పుండ్లు. వానాకాలంలో దోమకాటు గోక్కుని, గజ్జి ముదిరి, కాళ్లమీద చీముపుండ్లు పడతాయి. పుండు మానిపోయిన మూడు నుంచి ఆరు వారాలకి, గొంతునొప్పి అయితే ఒకటి రెండు వారాలకే, ఒకరోజు పొద్దున లేచేసరికి కళ్లచుట్టూ వాపు. మూత్రం టీ డికాషన్ రంగులో, కొద్దికొద్దిగా. 'కళ్లకలకేమో' అని చుక్కల మందు వేస్తారు. అలాంటి పిల్లాడికి ఆ పూటే బీపీ చూడాలి, బీపీ విపరీతంగా పెరిగి ఫిట్స్‌తో వచ్చేవాళ్లు ఈ జబ్బులోనే కనిపిస్తారు. మంచి సంగతేమిటంటే, వీళ్లలో నూటికి తొంభై మంది పైగా పూర్తిగా బాగుపడతారు. సీ3 అనే రక్తపరీక్ష ఎనిమిది వారాల్లో మామూలుకి రావాలి. పన్నెండు వారాలు దాటినా తక్కువగానే ఉంటే జబ్బు వేరు, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ కావాలి. మూత్రంలో కంటికి కనిపించని రక్తకణాలు ఏడాది దాకా ఉండొచ్చు, దానికి భయపడక్కర్లేదు.

రక్త విరోచనాల తర్వాత పిల్లాడు తెల్లగా పాలిపోయి, ప్లేట్‌లెట్లు పడిపోయి, పాసు ఆగితే హెచ్‌యూఎస్ అనే జబ్బుని అనుమానించాలి. కిడ్నీ భవిష్యత్తు విషయంలో నాకు అన్నిటికన్నా గుబులు పుట్టించేది ఇదే. మన దేశపు పిల్లల్లో ఒంట్లో పుట్టే యాంటీబాడీ వల్ల వచ్చే రకం కూడా ఎక్కువగా కనిపిస్తుంది. ప్లాస్మా మార్పిడి ఎంత త్వరగా మొదలైతే కిడ్నీ అంతగా మిగులుతుంది. దీన్ని పీహెచ్‌సీలో ఒక్కరోజు కూడా ఉంచుకోవద్దు.

పాముకాటుకి వస్తే, రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీని నేరుగా కొడుతుంది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచండి. గడ్డకట్టకపోతే విరుగుడు మందు మొదలుపెట్టాలి. పిల్లలకి డోసు తగ్గించకూడదు. పాము పిల్లాణ్ణి చూసి తక్కువ విషం వదలదు కదా! పెద్దవాళ్లకి ఇచ్చే పది వయల్సే పసివాడికీ. తాడుతో బిగించి కట్టడం, కోసి రక్తం తీయడం వల్ల కండ కుళ్లి కిడ్నీ మీద ఇంకో దెబ్బ పడుతుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి వచ్చిన సోదరీమణులకి మలేరియా గురించి నేను చెప్పక్కర్లేదు. జ్వరంతో పాటు మూత్రం నల్లగా మారితే ఆ రాత్రే పంపించండి, తెల్లారేదాకా ఆగవద్దు.

మందుల సంగతి కొంచెం కటువుగానే చెబుతాను. జ్వరానికి పారాసిటమాల్ చాలు, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో. వాంతులు విరోచనాలతో ఎండిపోయిన బిడ్డకి ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్ ఇవ్వడం చాలా తప్పు. నీరు తక్కువైనప్పుడు కిడ్నీ తనలోకి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచి ప్రాణం నిలుపుకుంటుంది. ఈ మందులు సరిగ్గా ఆ తలుపునే మూసేస్తాయి. నిమెసులైడ్ పన్నెండేళ్ల లోపు పిల్లలకి 2011 నుంచీ నిషేధం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరం సూదితో పాటు రోజూ జెంటామైసిన్, అమికాసిన్ పొడిపించుకున్నారేమో అడిగి తెలుసుకోండి. జ్వరం సూదీ, ఈ యాంటీబయాటిక్ సూదులూ కలిస్తే కిడ్నీ నిలబడదు.

దగ్గు సిరప్‌ల గురించి పేపర్లలో చదివే ఉంటారు. 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పసిపిల్లలు పాసు ఆగిపోయి చనిపోయారు. సిరప్‌లో కలిపే ద్రావకం స్థానంలో డైఇథిలీన్ గ్లైకాల్ చేరింది. అది కిడ్నీ గొట్టాల పొరని కాల్చేస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయవద్దనీ, అయిదేళ్లలోపు వాళ్లకి మామూలుగా అవసరం లేదనీ కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో చెప్పింది. ఒకే ఊళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకి జ్వరం తగ్గాక పాసు ఆగిపోయిందంటే, వాళ్లు తాగిన సీసాలు పారేయకండి. లేబుల్‌తో సహా దాచి మెడికల్ ఆఫీసర్‌కి ఇవ్వండి.

ఇక పాసు ఆగిన బిడ్డకి ఇంట్లో ఏం పెడుతున్నారన్నది చూద్దాం. ఉద్దానం కొబ్బరి సీమ. 'వేడి చేసింది, పాసు బిగుసుకుంది, బొండం నీళ్లు పట్టండి' అనడం మనకి అలవాటు. పాసు బాగా పడుతున్న పిల్లాడికి బొండం మంచిదే. పాసు ఆగిన పిల్లాడికి అది విషంతో సమానం. బొండంలో పొటాషియం ఓఆర్‌ఎస్‌లో ఉన్నదానికి రెండింతలు పైనే ఉంటుంది, సోడియం నామమాత్రం. కిడ్నీ పనిచేయనప్పుడు ఆ పొటాషియం బయటికి పోయే దారి లేదు, గుండె ఒక్కసారిగా ఆగిపోతుంది. ముందుగా ఏ సూచనా ఇవ్వదు. అరటిపండు, పనస తొనలు, పళ్లరసాలు కూడా ఇదే కోవ. స్టాఫ్ నర్సులు ఒకటి గుర్తుపెట్టుకోండి. పొటాషియం 6.5 దాటినా, ఈసీజీలో టీ తరంగం గుడారంలా నిలబడినా, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ కిలోకి అర మిల్లీలీటరు, గుండె వేగం చూస్తూ, అయిదు నుంచి పది నిమిషాల్లో నెమ్మదిగా. ఆ మందు గుండెని కాపాడుతుంది గానీ పొటాషియాన్ని తగ్గించదు. సాల్బుటమాల్ ఆవిరి పెట్టి, అంబులెన్స్ పిలవండి. నీళ్లు ఎంతివ్వాలంటే, చెమటగా, ఊపిరిగా పోయే వాటా ఒంటి వైశాల్యానికి చదరపు మీటరుకి రోజుకి 400 మిల్లీలీటర్లు. ఇరవై కిలోల పిల్లాడికి సుమారు 320. దానికి తోడు నిన్న పోసిన మూత్రం, వాంతి ఎంతో అంత. అంతకు మించి వద్దు.

డయాలసిస్ భయం దగ్గరికి వద్దాం. మందులకి లొంగని పొటాషియం, ఊపిరి ఆడనంత నీరు, రక్తంలో ఆమ్లం పెరగడం, యూరియా వల్ల మగత, ఫిట్స్. ఇలాంటప్పుడు డయాలసిస్ చేస్తాం. కిడ్నీ గొట్టాలు తమ పొర తిరిగి పరుచుకునేదాకా దాని పని ఇంకోలా నడిపించడం, అంతే. చెయ్యి విరిగితే పిండికట్టు వేస్తాం, అతుక్కున్నాక తీసేస్తాం. పసిపిల్లలకి పెద్ద మిషను కూడా అక్కర్లేదు. పొట్టలోకి ఒక సన్నని గొట్టం పెట్టి, కిలోకి పది నుంచి ఇరవై మిల్లీలీటర్ల ద్రవంతో మొదలుపెట్టి, పొట్టలో అరగంట ఉంచి తీసేస్తాం. గంటకొక విడత చొప్పున రాత్రీ పగలూ. పొట్ట పొరే జల్లెడగా పనిచేస్తుంది. చేతుల శుభ్రత తప్పితే పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తుంది, బయటికొచ్చే నీరు మబ్బుగా మారితే వెంటనే చెప్పాలి. చాలామందికి కొన్ని రోజులు, ఎక్కువైతే రెండు మూడు వారాలు. డయాలసిస్ వల్ల కిడ్నీ పాడవదు. చేయించకపోతే మాత్రం కిడ్నీ కోలుకునే సమయానికి బిడ్డ ఉండడు.

పాసు తిరిగి మొదలయ్యాక కొన్నిరోజులు అతిగా పడుతుంది. గొట్టాలకి నీళ్లని తిరిగి పీల్చుకునే నేర్పు ఇంకా రాలేదన్నమాట. అప్పుడు 'కిడ్నీ పేషెంటు, నీళ్లు తగ్గించాలి' అని పాత కొలతే పట్టుకుంటే బిడ్డ మళ్లీ ఎండిపోతాడు, రెండో దెబ్బ తగులుతుంది.

ఇక్కడినుంచే మీ పని మొదలు. కెనడాలో, పిల్లల ఐసీయూలో కిడ్నీ దెబ్బతిని బతికి బయటపడ్డ 126 మంది పిల్లల్ని ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత పిలిచి పరీక్షించారు. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. పదిమందిలో ఒకరికి దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఉంది. ఇంకా సగానికి దగ్గరగా ఉన్న పిల్లల్లో బీపీయో, వడపోత కాస్త తగ్గడమో పెరగడమో, ఏదో ఒక హెచ్చరిక కనిపించింది. హెచ్‌యూఎస్ నుంచి బయటపడ్డ వాళ్లలో నాలుగో వంతు మందికి ఇలాంటి మచ్చ మిగులుతుంది. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. పిల్లాడు బడికెళుతుంటాడు, క్రికెట్ ఆడుతుంటాడు.

కిడ్నీ దెబ్బతిన్న ప్రతి బిడ్డనీ మూడు నెలలకి ఒకసారి చూసి తీరాలి. ప్రపంచమంతటా కిడ్నీ వైద్యులు పాటించే మార్గదర్శకాలు 2012 నుంచీ చెబుతున్నది ఇదే. మూడు నెలలు ఎందుకంటే, అప్పటికీ మిగిలిన లోపం తాత్కాలికం కాదు, దాన్ని దీర్ఘకాలపు జబ్బుగానే లెక్కించాలి. ఆ తర్వాత అంతా బాగున్నా ఏడాదికోసారి. డయాలసిస్ పడ్డవాళ్లు, పాసు వారం దాటి ఆగినవాళ్లు, హెచ్‌యూఎస్ వచ్చినవాళ్లు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, రెండోసారి దెబ్బతిన్నవాళ్లు: వీళ్లు మొదటి ఏడాది ఇంకా దగ్గర దగ్గరగా రావాలి.

చూడాల్సినవి తక్కువే. పొద్దున లేవగానే పోసే మొదటి మూత్రంలో ముంచి ప్రొటీన్ ఉందేమో చూసే పట్టీ. ఒక ప్లస్ వచ్చినా ల్యాబ్‌లో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చేయించాలి. రెండేళ్లు దాటితే అది 0.2 లోపు ఉండాలి. జ్వరంలో ఉన్నప్పుడు, పరుగులు తీసి వచ్చినప్పుడు చూస్తే ఉత్తినే ప్లస్ చూపిస్తుంది. అప్పుడు వారం ఆగి మళ్లీ చూడండి. తర్వాత ఎత్తు, బరువు, క్రియాటినిన్. ఏడాదికి ఎత్తు సరిగా పెరగని పిల్లాడి కిడ్నీని అనుమానించాలి.

బీపీ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ పాడవుతున్న పరీక్ష ఇదే. పెద్దవాళ్ల బీపీ పట్టీ పిల్లాడి చేతికి చుడితే బీపీ తక్కువ చూపిస్తుంది, మరీ చిన్నది చుడితే ఎక్కువ చూపిస్తుంది. పట్టీలో గాలి నిండే సంచి వెడల్పు, భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలతలో నలభై శాతం ఉండాలి. పొడవు ఆ చుట్టుకొలతలో కనీసం ఎనభై శాతం చుట్టిరావాలి. పిల్లాణ్ణి అయిదు నిమిషాలు వీపు ఆన్చి కూర్చోబెట్టి, కుడిచేతికి చూడండి. పిల్లలకి 120/80 నార్మల్ కాదు, ఆ అంకె పదమూడేళ్లకి. అయిదేళ్ల పిల్లాడికి 103/63, పదేళ్ల పిల్లాడికి 108/72. వీటికి చేరినా, దాటినా డాక్టరు మళ్లీ చూడాలి. ఈ రెండు అంకెలూ మీ డైరీ అట్టలోపల రాసుకోండి.

ప్రొటీన్ కారుతున్నా, బీపీ ఎక్కువున్నా ఎనలాప్రిల్ లాంటి మందు మొదలుపెడతాం. మిగిలిన నెఫ్రాన్ల మీద ఒత్తిడి దించి, వాటి ఆయుష్షు పెంచుతుంది. కానీ ఆ మందు వాడుతున్న పిల్లాడికి వాంతులు, విరోచనాలు పట్టుకున్న రోజు దాన్ని ఆపి డాక్టరుకి ఫోన్ చేయాలి. ఎండిన ఒంట్లో అదే మందు కిడ్నీని మళ్లీ పడగొడుతుంది. కోలుకుని, మామూలుగా తిని తాగుతున్నాక తిరిగి మొదలుపెట్టాలి. ఈ మాట ఆ ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి, అమ్మమ్మతో సహా.

తిండి గురించి. మన ప్రాంతంలో కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్లకి పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమంటారు. అదే పథ్యం కోలుకున్న పిల్లాడికి పెట్టేస్తున్నారు. ఎదిగే బిడ్డకి అది అన్యాయం. క్రియాటినిన్ మామూలుకి వచ్చిన పిల్లాడికి అంగన్‌వాడీ గుడ్డు, పప్పు, పాలు అన్నీ పెట్టండి. తగ్గించాల్సింది ఉప్పు: ఎండుచేపలు, ఊరగాయ, అప్పడాలు, అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు. బళ్లో మరుగుదొడ్డి బాగోలేదని నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా బిగబట్టుకునే ఆడపిల్లల గురించి టీచర్లు దయచేసి పట్టించుకోండి. ఆ అలవాటుతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ఒకసారి దెబ్బతిన్న కిడ్నీకి అది అసలు పనికిరాదు.

ఏఎన్‌ఎంలకి ఒక్క మాట. చిన్నప్పుడు కిడ్నీ దెబ్బతిన్న ఆడపిల్ల రేపు గర్భిణిగా మీ దగ్గరికే వస్తుంది. అప్పుడామె బీపీ పెరిగే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. గర్భిణీ కార్డు రాసేటప్పుడు 'చిన్నప్పుడు పాసు ఆగిపోయి ఆస్పత్రిలో ఉన్నావా, డయాలసిస్ చేశారా?' అని అడిగి, అవునంటే పెద్ద అక్షరాలతో కార్డు మీద రాయండి.

మీ చీటీల్లో వచ్చిన ప్రశ్నలు చూద్దాం.

'మా పిల్లాడికి ఇలా వచ్చింది కాబట్టి ఉద్దానం జబ్బు వచ్చినట్టేనా? మా బోరు నీళ్ల వల్లేనా?' కాదమ్మా. ఉద్దానంలో పెద్దవాళ్లకి వచ్చే జబ్బు నెమ్మదిగా ఏళ్ల తరబడి ముదిరేది, దాని కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మీ పిల్లాడికి వచ్చింది విరోచనాల వల్ల, కారణం కళ్లముందే ఉంది. రెండూ ఒకటి కావు. కాకపోతే, ముందే కొన్ని నెఫ్రాన్లు పోగొట్టుకున్న పిల్లాడు రేపు జీడితోటలో ఎండలో పనిచేసే వయసుకి వచ్చినప్పుడు, నీళ్లు తాగుతూ, నొప్పి మాత్రలు ముట్టకుండా, ఏటా పరీక్ష చేయించుకుంటూ ఉండటం అతనికి మిగతావాళ్ల కంటే ఎక్కువ అవసరం.

'ఆటలు ఆడొచ్చా, టీకాలు వేయించొచ్చా?' రెండూ చేయించండి. ప్లాస్మా, రక్తం ఎక్కించి ఉంటే తట్టు టీకాకి ఎన్ని నెలలు ఆగాలో డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి.

ఆఖరి చీటీ. 'మా పాపకి మూడేళ్ల క్రితం డయాలసిస్ చేశారు, తర్వాత ఎప్పుడూ చూపించలేదు, కాగితాలు పోయాయి. ఇప్పుడు వెళితే తిడతారా?' ఎవరూ తిట్టరు తల్లీ. కాగితాలు లేకపోయినా ఫర్వాలేదు. రేపు పొద్దున పాప లేవగానే పోసే మూత్రం మధ్యలోది శుభ్రమైన సీసాలో పట్టి, మూత పెట్టి, రెండు గంటల్లోపు పీహెచ్‌సీకి తీసుకురండి. అక్కడ పట్టీ పరీక్ష చేస్తారు, ఎత్తు కొలుస్తారు, చిన్న పట్టీతో బీపీ చూస్తారు, క్రియాటినిన్‌కి రక్తం తీస్తారు. చిన్న పట్టీ ఉందా అని మీరే అడగండి. ఏ నెలలో, ఏ ఊళ్లో, ఎన్ని రోజులు డయాలసిస్ చేశారో గుర్తున్నంత వరకు ఈ రాత్రే ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఇక్కడున్న మీ ఆశా కార్యకర్త మీతో వస్తుంది.